నాన్నకు కుక్కపిల్ల కావాలా?

పెద్దవాళ్లకు తోడుగా జంతువును ఎంచేటప్పుడు ఏ జాతి అన్నది చివరి ప్రశ్న కావాలి

అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చిన కొడుకు తిరుగు ప్రయాణానికి ముందు చక్కబెట్టే పనులకు ఓ వరుస ఉంటుంది. గుమ్మం ముందు సీసీ కెమెరా, బాత్రూంలో పట్టుకోవడానికి స్టీలు కడ్డీ, మంచినీళ్ల మెషీన్‌కు ఏడాది సర్వీసు, రోజువారీ మాత్రలకు అరలున్న డబ్బా. ఈ మధ్య ఆ వరుసలో మరొకటి చేరింది. కుక్కపిల్ల. గుంటూరులోనో, కరీంనగర్‌లోనో ఒంటరిగా మిగిలిన తండ్రి ఒడిలో 45 రోజుల లాబ్రడార్ పిల్లను పెట్టి, ఫోటో తీసుకుని విమానం ఎక్కేస్తాడు. (ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం నిబంధనలు చెబుతున్నాయి. అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు.) ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల 25 కిలోల పైనే తూగుతుంది. తండ్రికి 73వ ఏడు వస్తుంది. ఆయన మోకాళ్ల సంగతి కొడుక్కి తెలుసు. ఆ కుక్క ఎంత పెరుగుతుందో, ఎంత లాగుతుందో తెలియదు.

ఇది ఆప్యాయత లేక చేసే పని కాదు. మనసులో గుచ్చుతున్నదాన్ని తీర్చుకోవడానికి దొరికిన మార్గం. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం అని అది నిర్వచించింది. పిల్లలు పట్టించుకోకపోతే ట్రిబ్యునల్ గడప ఎక్కి నెలకు 10 వేల రూపాయల దాకా ఇప్పించుకునే వీలు కల్పించింది. తోడు మాత్రం ఆ నిర్వచనంలో లేదు. ఉండటం సాధ్యం కూడా కాదు. సాయంత్రం ఆరు గంటలకు పక్కన కూర్చుని కబుర్లు చెప్పమని ఏ ట్రిబ్యునల్ ఎవరిని ఆదేశించగలదు? 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో 60 దాటినవారు 10 కోట్ల పైచిలుకు. 2050 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరు ఆ వయసువారే ఉంటారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదిక అంచనా. చట్టం ఇవ్వలేని ఆ తోడును చాలా ఇళ్లలో నాలుగు కాళ్ల జీవి భుజాన పెడుతున్నారు.

జంతువు దగ్గరుంటే మేలని చెప్పే ఆధారాలు లేకపోలేదు. గుండెజబ్బుతో ఆస్పత్రిలో చేరిన 92 మందిని ఏడాదిపాటు గమనించి ఎరికా ఫ్రీడ్‌మన్ బృందం 1980లో అమెరికాలో ఒక పత్రం ప్రచురించింది. పెంపుడు జంతువులున్న 53 మందిలో ముగ్గురు, లేని 39 మందిలో 11 మంది ఆ ఏడాదిలో చనిపోయారు. స్వీడన్‌లో 34 లక్షల మంది రికార్డులు తిరగేసి 2017లో ప్రకటించిన అధ్యయనం, ఒంటరిగా ఉంటూ కుక్కను పెంచేవారిలో మరణాలు కుక్క లేని ఒంటరివారికన్నా మూడో వంతు తక్కువని తేల్చింది. అయితే ఇక్కడొక మెలిక ఉంది. కుక్క ఉన్నందువల్ల ఆరోగ్యంగా ఉన్నారా, ఆరోగ్యంగా ఉన్నందువల్ల కుక్కను పెంచగలుగుతున్నారా అన్నది ఇలాంటి లెక్కలు పూర్తిగా విడదీయలేవు.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించినవి మరో రెండు చిన్న ప్రయోగాలు. ఇటలీలో వృద్ధాశ్రమాల్లోని 144 మందిలో కొందరికి ఒక్కో కానరీ పిట్టను, కొందరికి ఒక్కో మొక్కను ఇచ్చి, మిగిలినవారికి ఏమీ ఇవ్వకుండా మూడు నెలలు చూశారు. పిట్టను సాకినవారిలో దిగులు తగ్గిందని 2006లో రాశారు. దక్షిణ కొరియాలో అయితే 65 దాటినవారికి పంజరంలో ఐదేసి కీచురాళ్లను ఇచ్చారు. అవును, కీచురాళ్లనే. ఎనిమిది వారాల తర్వాత వారిలో కుంగుబాటు తగ్గిందని 2016లో వెల్లడించారు. అంటే మేలు చేసేది బొచ్చూ కాదు, జాతీ కాదు. తన చేతి మెతుకు కోసం ఒక ప్రాణి ఎదురుచూస్తోందన్న స్పృహ. అది కీచురాయితో వస్తుందన్నప్పుడు 25 కిలోల కుక్కతో మొదలుపెట్టాల్సిన అవసరం ఎక్కడుంది?

అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్నను సాధారణంగా ఎవరూ అడగరు. అసలు వాళ్లకు కావాలా? ముఖ్యంగా అమ్మకు. తండ్రికి కుక్క అంటే సాయంత్రం షికారు, నలుగురి పలకరింపు. తల్లికి అదే కుక్క వేళకు కలిపే అన్నం, రెండుసార్లు తుడిచే నేల, పూజగదికి వేసే అడ్డం. మడి, అంటు పాటించే ఇళ్లలో అయితే రోజుకో గొడవ. తెనాలిలో ఉండే మా పెద్దమ్మ వరస ఒకావిడ బోస్టన్‌లోని కొడుకుతో ఫోన్‌లో అన్న మాట చెబుతాను. ‘‘యాభై ఏళ్లు ఎవరో ఒకరికి వేళకు అన్నం వండి పెట్టానురా. ఇప్పుడు నాకు ఆకలైనప్పుడే పొయ్యి వెలిగిస్తున్నాను. ఆ సుఖం కూడా పీకేస్తావా?’’ ఆమెకు జంతువులంటే అయిష్టమేమీ లేదు. పదవీ విరమణ లేని ఉద్యోగం నుంచి ఎట్టకేలకు బయటపడిన మనిషి మళ్లీ దరఖాస్తు పెట్టుకోనంటోంది, అంతే. ఈ జవాబును మొహమాటమనో, మొదట్లో అలాగే అంటారనో కొట్టిపారేయడం పిల్లలకు అలవాటు. కాదన్నది కాదన్నట్టే తీసుకోవాలి.

కావాలన్నాక చూడాల్సింది ఒంటి సత్తువ. కుక్కలు, పిల్లుల కారణంగా జారిపడో, తట్టుకుని పడో దెబ్బలతో అమెరికా ఆస్పత్రులకు వచ్చినవారు 2001-06 మధ్య ఏటా సగటున 86 వేల పైచిలుకని ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ 2009లో లెక్క చెప్పింది. అందులో అత్యధికం కుక్కల వల్లే. ఎముకలు విరగడం ఎక్కువగా కనిపించింది 75 దాటినవారిలో. కుక్కను బెల్టుతో నడిపిస్తూ పడి ఎముక విరగ్గొట్టుకున్న 65 దాటినవారు అక్కడ 2004లో సుమారు 1,670 మంది ఉంటే, 2017 నాటికి 4,400కు చేరారు. వారిలో ముప్పాతికకు పైగా మహిళలే. తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో మన ఇళ్లలో వేరే చెప్పనక్కర్లేదు. అక్కడున్నట్టు మనకు చదునైన ఫుట్‌పాత్‌లు లేవు. షికారుకెళ్లిన కుక్కను చూసి మీదికొచ్చే వీధికుక్కలు మాత్రం ఉన్నాయి. పెద్ద కుక్క లాగి పడేస్తుంది, చిన్నది కాళ్లకు అడ్డం పడుతుంది. చూపు మందగించినవారికి రెండోదే ఎక్కువ ప్రమాదం. మెడలో చిన్న మువ్వ కడితే కొంత నయం. తిండి గిన్నెను నేలమీద కాకుండా చిన్న పీట మీద పెడితే పెట్టేవారికి నడుం వంచే పని తగ్గుతుంది.

మందుల గురించి కూడా. రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి పిల్లి గోటి గీత సైతం తేలిగ్గా ఆగదు. స్టెరాయిడ్లు, కేన్సర్ మందులు వాడుతున్నవారు పక్షుల నుంచీ, పిల్లుల నుంచీ వచ్చే ఇన్‌ఫెక్షన్ల గురించి డాక్టర్‌ని అడగకుండా ఏ జంతువునూ తెచ్చుకోకూడదు. ఎదురు ప్రమాదమూ ఉంది. వణికే చేతుల్లోంచి మంచం కిందికి దొర్లిన పారాసిటమాల్ మాత్ర పిల్లికి విషం. నొప్పులకు వేసుకునే ఐబూప్రొఫెన్ కుక్కకు ప్రమాదం. మతిమరుపు మొదలైనవారి సంగతి ఇంకా కష్టం. పొద్దున పెట్టామో లేదో గుర్తుండక మూడుసార్లు పెడతారు, లేదా అసలే పెట్టరు. అలాంటి ఇంట్లో జంతువు బాధ్యత పూర్తిగా మరొకరిది కావాలి. పెద్దాయనకు నిమరడం వరకే వదలాలి.

ఇక కుక్క సంగతి. కుక్కే కావాలనుకునే వృద్ధులకు పిల్ల వద్దు, పెద్దది ముద్దు. పిల్లను మూడు నాలుగు నెలలపాటు రాత్రిళ్లు సహా రెండు మూడు గంటలకోసారి బయటికి తీసుకెళ్లాలి. పళ్లొచ్చే వయసులో చెప్పులతోపాటు చేతులూ కొరుకుతుంది. వయసు మళ్లిన చర్మం కాగితంలా పలచన. నాలుగేళ్లు దాటిన కుక్క ఎంత పెరగాలో అంతా పెరిగిపోయింది, గుణమేమిటో బయటపడింది, గోల తగ్గింది. ఆశ్రయ కేంద్రాల్లో అందరూ పిల్లలకోసమే వెదుకుతారు కాబట్టి ఇలాంటివి మిగిలిపోతుంటాయి. హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్ వంటి సంస్థల దగ్గర ఇలాంటి కుక్కల గురించి విచారించవచ్చు. ముందు పది పదిహేను రోజులు ఇంట్లో ఉంచి చూస్తామని అడగటంలో తప్పులేదు. ఆ పది రోజులూ కొడుకో కూతురో ఇంట్లో ఉండకూడదు. ఉంటే పనంతా వాళ్లే చేసేస్తారు, అసలు విషయం తెలీదు.

జాతుల మోజు గురించి రెండు మాటలు. మంచు ప్రాంతంలో బండి లాగడానికి పుట్టిన హస్కీని మే నెల విజయవాడలో ఏసీ గదిలో బంధించడం కుక్కకూ శిక్షే, కరెంటు బిల్లు కట్టే పింఛనుదారుకూ శిక్షే. 2003లో ఓ సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనతో ఇంటింటికీ పాకిన పగ్‌కు నొక్కుకుపోయిన ముక్కు వల్ల ఊపిరి సరిగా ఆడదు, ఎండకు త్వరగా సొమ్మసిల్లుతుంది. బీగిల్ చూడటానికి చిన్నదే కానీ దాని పరుగు అందుకోవడానికి పాతికేళ్ల కాళ్లు కావాలి. మన పాతకాలపు తెల్లబొచ్చు స్పిట్జ్ వేడికి అలవాటుపడింది, ఎత్తుకోగలిగే బరువు, కానీ కాలింగ్ బెల్ మోగకముందే మొరుగుతుంది. చెవులు కాస్త మందగించినవారికి అది సుగుణం కూడా కావచ్చు, పక్క ఫ్లాట్‌వారి అభిప్రాయం వేరు. నా లెక్కలో అన్నిటికన్నా మేలైనది మధ్యరకం ఒడ్డూ పొడవూ ఉన్న మన ఊరకుక్కే, ఆపరేషన్ చేయించి, టీకాలు వేయించినది. ఏ కుక్కకైనా ఏటా రేబిస్ టీకా తప్పనిసరి.

పిల్లిని మనవాళ్లు ఎందుకో లెక్కలోకి తీసుకోరు. ఎదురొస్తే శకునం బాగాలేదంటారు, పాల గిన్నె దొంగ అంటారు. నిజానికి నడవలేని వృద్ధులకు ఇంతకన్నా అనువైన జంతువు లేదు. షికారు అక్కర్లేదు, స్నానం అక్కర్లేదు, మూడో అంతస్తులో లిఫ్ట్ పాడైనా దానికి బెంగలేదు. ట్రేలో ఇసుక పోస్తే తన పని తాను చేసుకుని కప్పెడుతుంది. ఆ ఇసుక బస్తా మోసేదెవరు, వంగి ట్రే ఎత్తేదెవరు అన్నది ఒక్కటే ప్రశ్న, దానికి పనిమనిషితో ముందే మాట్లాడుకోవాలి. టీవీ చూస్తున్న మనిషి పక్కన గంటల తరబడి గుర్రుమంటూ పడుకోవడం పిల్లికి ఇష్టం, ఆ మనిషికీ కావాల్సిందదే. కాకపోతే 12 నుంచి 18 ఏళ్లు బతుకుతుంది. 75 ఏళ్లవారు పిల్లికూనను తెచ్చుకునే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

పక్షుల విషయంలో చట్టం అడ్డొస్తుంది. నానమ్మల వరండాల్లో తరాలుగా వేలాడిన రామచిలుక పంజరం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మైనా కూడా అంతే. అదృష్టమని తెచ్చుకునే నక్షత్ర తాబేలు కూడా నిషేధమే. మనవాళ్లు లవ్ బర్డ్స్ అని పిలిచే ఆస్ట్రేలియా బడ్జీలకు ఈ గొడవ లేదు. జతగా ఉంచాలి, పంజరం విశాలంగా ఉండాలి, ఆయుష్షు ఐదు నుంచి ఎనిమిదేళ్లు. ఈ లెక్క 75 ఏళ్లవారికి సరిపోతుంది. మాటలు నేర్చే ఆఫ్రికన్ గ్రే చిలుక మాత్రం 40, 50 ఏళ్లు బతికి యజమాని గొంతును ఆయన పోయాక కూడా అనుకరిస్తుంటుంది. అది ఇంట్లోవాళ్లకు ఓదార్పో, నరకమో చెప్పలేం. పైగా 2024 నాటి నిబంధనల ప్రకారం ఇలాంటి విదేశీ జీవులను ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చేపల తొట్టి అందంగానే ఉంటుంది, అయితే నీళ్లు మార్చేవాళ్లు కావాలి.

మన మధ్యతరగతి వృద్ధుల జీవితంలో మరో చిక్కుంది. క్యాలెండర్. కోడలి పురిటికో, మనవడి బడికోసమో ఏడాదిలో ఆరు నెలలు న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉండేవారికి కుక్క ఎలా? తీసుకెళ్దామంటే, కుక్కల రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో భారత్ ఉంది. 2024 ఆగస్టు నుంచి అమెరికా నిబంధనలు మరింత బిగిశాయి. మైక్రోచిప్, టీకా పత్రాలు, రక్తపరీక్ష, ఆరు నెలలు నిండిన వయసు, ఇంత తతంగం. పక్క ఊరికి రైల్లో వెళ్లాలన్నా ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకోవాలి, లేదా గార్డు పెట్టెలోని డబ్బాలో వేయాలి. ఆ ఆరు నెలలూ చూసే మనిషి పేరు చెప్పలేనివారు కుక్క ఆలోచన మానుకోవడం మంచిది.

అపార్ట్‌మెంట్ సంఘాల బెదిరింపులకు మాత్రం జడవనక్కర్లేదు. పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని, లిఫ్ట్ వాడకాన్ని అడ్డుకోరాదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. అలాంటి నిషేధాలు చెల్లవని కేరళ హైకోర్టు 2021లో చెప్పింది. అద్దె ఇంటి యజమాని వద్దంటే అది వేరే సంగతి, అక్కడ ఒప్పందమే చట్టం. చాలా కార్పొరేషన్లలో కుక్కకు లైసెన్సు ఉండాలి, అది లేకుండా సంఘంతో వాదనకు దిగితే మన కాలు మన మీదే పడుతుంది.

మనదేశంలో ఏ దుకాణంలోనూ కొనని తోడొకటి ఉంది. పొద్దున్నే గేటు దగ్గర పెరుగన్నం పొట్లంతో నిలబడే పెద్దాయన, ఆయన చెప్పుల చప్పుడు పోల్చుకుని తోకాడించే వీధికుక్క. గుమ్మానికి వేలాడదీసిన వరికంకుల కుచ్చు, దానికోసం వచ్చే పిచ్చుకలు. బరువు బాధ్యతలు లేని బంధం. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధికుక్కలకు తిండిపెట్టే చోటును పిల్లలు, వృద్ధులు ఎక్కువగా తిరగని దగ్గర ఎంచమంటాయి. కరిచే ప్రమాదం దృష్ట్యా అది సబబే. కానీ చాలా వీధుల్లో తిండి పెట్టేది వృద్ధులేనన్న సంగతి నిబంధనలు రాసినవారికి తట్టినట్టు లేదు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధుల్లో ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టకూడదని, వార్డుకు కొన్ని చోట్లు కేటాయించాలని ఆదేశించింది. వీధికుక్కలను దత్తత తీసుకోదలిచినవారు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చని, అలా తీసుకున్నవి తిరిగి వీధిన పడకుండా చూసే బాధ్యత వారిదేనని కూడా అన్నది. మోకాళ్ల నొప్పులతో వార్డులోని ఆ చోటు దాకా నడవలేని పెద్దవాళ్ల విషయంలో ఆ తీర్పు ఓ చిన్న బంధాన్ని తుంచేసింది. కుక్కకాట్లతో వణుకుతున్న కాలనీల్లో ఈ మాట అంటే తిట్టేవాళ్లున్నారు, వాళ్ల కోపమూ నిజమే.

ఇప్పటిదాకా చెప్పిందంతా పట్నాల గొడవ. పల్లెల్లో పింఛను మీద బతికే అవ్వకు పెంపుడు జంతువు అన్న మాటే కొత్త. ఆమెకు రెండు మేకలుంటాయి, నాలుగు కోళ్లుంటాయి. మేక అంటే బ్యాంకులో వేసుకున్న డబ్బు, ఒళ్లు బాగోలేనప్పుడు అమ్ముకోవడానికి. అదే మేకతో పొద్దుగూకులా మాట్లాడుతుంది కూడా. తిట్టుకుంటుంది, పేరు పెట్టి పిలుస్తుంది, అమ్మిన రోజు అన్నం తినదు. పట్నం తీసుకెళ్లి మూడో అంతస్తులో కూర్చోబెట్టిన కొడుకు, అమ్మ ఎందుకు దిగులుగా ఉందో అంతుపట్టక ఆక్వేరియం కొనిపెడతాడు.

చివరగా, పెద్దవాళ్ల ముందు ఎత్తడానికి ఇబ్బందిపడే విషయం. వాళ్ల తర్వాత ఆ జంతువు ఏమవుతుంది? 2024 అక్టోబర్‌లో రతన్ టాటా మరణించాక, తన జర్మన్ షెపర్డ్ టిటో సంరక్షణకు వీలునామాలో ఏర్పాటు చేసి వెళ్లారని పత్రికలు రాశాయి. బ్రిటన్‌లో వృద్ధుల పెంపుడు జంతువులను వాళ్లు మంచాన పడ్డప్పుడు షికారు తిప్పడానికి, పోయాక మరో ఇల్లు చూడటానికి 1985 నుంచి సిన్నమన్ ట్రస్ట్ అనే సంస్థ వలంటీర్లతో పనిచేస్తోంది. మనకు అంతటి వ్యవస్థ లేదు. మన చట్టంలో కుక్క ఆస్తి, వారసుడు కాదు. కాబట్టి దాని పేర డబ్బు రాయడం కుదరదు, చూసుకునే మనిషి పేర రాయాలి. లేదంటే జరిగేది తెలిసిందే. పదకొండో రోజు దాటాక ఇంటికి తాళం పడుతుంది, కుక్క గేటు బయట ఉంటుంది. తెచ్చేరోజే కూర్చుని ఒక కాగితం రాసుకోవడం పెద్ద పనేం కాదు. తీసుకునే మనిషి పేరు, ఫోన్ నంబరు, పశువుల డాక్టర్ నంబరు, టీకా తేదీలు, అది ఏం తింటుంది, దేనికి భయపడుతుంది. ఒక ప్రతి ఫ్రిజ్ తలుపు మీద, ఒకటి పక్కింటివారి దగ్గర, మరొకటి బోస్టన్‌లో.